మబ్బు పట్టినప్పుడు బయోస్ ముట్టొద్దు

వికారాబాద్, తాండూరు దిక్కు నాపరాయి పాలిషింగ్ యూనిట్లల్ల, కందుల కమీషన్ దుకాణాలల్ల లెక్కలు చూసే కంప్యూటర్లు అంత తొందరగ మూలకు పడవు. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది గద. ఇగ విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలె అనంగనే, కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రామ్ బయోస్ ముచ్చట ముందుకొచ్చింది. కొన్ని మదర్‌బోర్డులల్ల టీపీఎం ఉంటది గని, బయోస్‌ల ఆపి ఉంటది.

దాని కోసం బయోస్ అప్‌డేట్ చేయాల్సొస్తే, ఆ పని చిన్నదే. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32ల ఫార్మాట్ చేసి, బోర్డు కంపెనీ సైటు నుంచి ఫైలు దించి, బయోస్‌లనే ఉండే అప్‌డేట్ మెనూకు చూపిస్తే చాలు. మరీ పాత బోర్డయితే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తోని ఫ్రీడాస్ బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసుకోవాలె. మోడల్ పేరొక్కటే చూస్తే కాదు, బోర్డు మీది రివిజన్ నంబరు గూడ కలవాలె.

అసలు భయం కరెంటుది. చిప్‌ల పాతది చెరిపినంకనే కొత్తది రాస్తది. నడుమ కరెంటు పోతే చాలా బోర్డులు మళ్ల లేవవు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ చేసింది గూడ ఇదే, దొరికిన బోర్డులల్ల బయోస్ చెడగొట్టింది. మనకు వైరస్ గూడ అక్కర్లేదు, కరెంటు పోతే చాలు! యూపీఎస్ లేకుంటే, అనంతగిరి గుట్టల మీద మబ్బు పట్టిన పూట ఈ అప్‌డేట్ జోలికి పోవద్దు.

మంచిగ నడుస్తున్న మిషన్‌కు వర్షన్ నంబరు పెరిగిందని అప్‌డేట్ చేసుడు నాకైతే పనిలేని పని. తప్పదంటే, డిస్క్‌కు తాళమేసే బిట్‌లాకర్ ఉన్నదేమో చూసి ముందుగాల దాన్ని ఆపుండ్రి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండ్రి.