మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టిన పిల్లాడు

అమెరికా టీవీ వార్తల్లో పండిపోయిన జాన్ డాన్వన్, కేరెన్ జుకర్‌లకు ఆటిజం ఇంట్లో సంగతే. కేరెన్ కొడుక్కీ, జాన్ బావమరిదికీ అది ఉంది. ఇద్దరూ కలిసి 2016లో ‘ఇన్ ఎ డిఫరెంట్ కీ’ పేరుతో ఆటిజం చరిత్ర రాశారు.

కథ మొదలయ్యేది మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో. అక్కడి పిల్లాడు డొనాల్డ్ ట్రిప్లెట్, అతని తండ్రి లాయరు. కొడుకు తీరంతా వివరిస్తూ డాక్టర్ లియో కానర్‌కి 33 పేజీల ఉత్తరం రాశాడు. ఆటిజం గురించి 1943లో కానర్ రాసిన వ్యాసంలో మొదటి పిల్లాడు ఈ డొనాల్డే.

కొన్నేళ్లు అతన్ని ఊరి బయట ఓ రైతు దంపతుల దగ్గర ఉంచారు. పిల్లాడికి అంకెల పిచ్చి. వాళ్లు దాన్ని మాన్పించలేదు సరికదా, బావి లోతు కొలవనిచ్చారు, దున్నుతూ మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టుకోనిచ్చారు. పర్చూరు పత్తిచేలో సాళ్లో, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలో అలా లెక్కపెట్టే పిల్లాడుంటే? ‘గాలి సోకింది, తాయెత్తు కట్టించండి’ అనేవాళ్లకు కొదవుండదు. మన 1995 వికలాంగుల చట్టంలోనే ఆటిజం పేరు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేరింది.

డొనాల్డ్ బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. విలేఖరులిద్దరూ అతన్ని వెతుక్కుంటూ వెళ్తే ఊరివాళ్లు ముందే గట్టిగా చెప్పారట: మా డాన్‌కి ఏమన్నా అయితే మిమ్మల్ని వదలం అని.