జూలూ యుద్ధమును మనవారును

ఈ సంచికకు ఒక వ్యాసము కావలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు, జూలూ యుద్ధమును గూర్చి వ్రాసెదనంటిని. వారు నవ్వి, "తెలుగువారి సంచికలో జూలూల కథ ఎందుకండీ?" అనిరి. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. నేను చరిత్ర పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఈ చెన్నపట్టణపు రేవు చెంత ఒక సరుకుల ఏజెంటు కార్యాలయమున ముప్పదియైదేండ్లు గుమాస్తాగా జాబితాలును లెక్కలును వ్రాసినవాడను. గుమాస్తా కంటికి కనబడినంత మాత్రమే ఇచ్చట చెప్పగలను.

నాకు పండ్రెండేండ్ల ప్రాయమున, 1964లో తీసిన ‘జూలూ’ అను ఆంగ్ల చిత్రము మౌంటు రోడ్డులోని ఒక సినిమాహాలుకు మరల వచ్చినది. రాజమహేంద్రవరమున బడిపంతులుగా నుండిన మా మేనమామగారు వేసవి సెలవులకు వచ్చి నన్ను దానికి తీసికొనిపోయిరి. ఎఱ్ఱకోటులు తొడిగిన నూటయేబదిమంది సైనికులు ధాన్యపు బస్తాలను, బిస్కట్ల పెట్టెలను గోడగా పేర్చుకొని, అలలవలె వచ్చిపడు వేలాది జూలూ వీరుల నెదిరించి నిలిచిన కథ అది. హాలంతయు చప్పట్లు కొట్టినది. నేనును కొట్టితిని. బస్సు కొరకు నిలిచియుండగా మామయ్యగారు మెల్లగా అడిగిరి.

"ఒరే, ఎవరికోసంరా అన్ని చప్పట్లు కొట్టావు?"

"గెలిచినవాళ్ళకోసం, మామయ్యా."

"ఆ యుద్ధం ఏ సంవత్సరంలో జరిగిందో చూశావా?"

"1879."

"ఆ సంవత్సరమే మన గోదావరి కొండల్లోనూ అటువంటివాళ్ళే ఆ దొరలమీదే లేచారు. వాళ్ళకథ ఎవరూ నీకు చూపించలేదు కాబట్టి వాళ్ళకు నీ చప్పట్లు దక్కలేదు."

ఆ మాట యేబదియేండ్లకు పైగా నా చెవిలో ఉండిపోయినది. ఉద్యోగ విరమణానంతరము తీరిక చిక్కినప్పుడు ఆ 1879వ సంవత్సరము వెంటబడితిని.

మొదట జూలూల సంగతి. చాకా అను రాజు 1828లో హతుడగునాటికి ఆగ్నేయాఫ్రికాలో బలమైన జూలూ రాజ్యము నేర్పరచెను. దాని సరిహద్దుననే బ్రిటిషువారు 1843లో నేటాలును తమ వలసగా ప్రకటించిరి. పొరుగున స్వతంత్ర రాజ్యము, అందును సాయుధులైన ప్రజలు గల రాజ్యము ఉండుట వారికి కంటగింపైనది. 1878 డిసెంబరు 11వ తేదీన హైకమిషనరు సర్ బార్టిల్ ఫ్రియర్ జూలూ రాజైన సెట్ష్వాయోకు ఒక తాఖీదు పంపెను. ఈ ఫ్రియరు మనకు క్రొత్తవాడు కాడు. 1862 నుండి 1867 వరకు బొంబాయి గవర్నరుగా నుండినవాడే. ముప్పది దినములలో సైన్యవ్యవస్థను రద్దుచేయవలెనని ఆ తాఖీదులోని ముఖ్యమైన షరతు. ఏ రాజును అంగీకరింపజాలనిది. అంగీకరింపకుండుటకే వ్రాసినది.

1879 జనవరిలో చెమ్స్‌ఫర్డు ప్రభువు సేనలు సరిహద్దు దాటినవి. ఈయనయు మన దేశములో అడ్జుటెంట్ జనరలుగా పనిచేసిపోయినవాడే. జనవరి 22న ఇసాండ్ల్వానా కొండక్రింద సుమారు ఇరువదివేల జూలూలు ఆ సైన్యములో ఒక భాగమును చుట్టుముట్టి, పదమూడువందలమందికి పైగా హతమార్చిరి. బల్లెములును తోలు డాళ్ళును పట్టినవారు తుపాకులవారిని అంతగా ఓడించుట సామ్రాజ్యమును దిగ్భ్రాంతిపరచినది. ఆ సాయంత్రము మొదలైన రోర్క్స్ డ్రిఫ్టు పోరాటమే నేను చూచిన సినిమా. దానికి 11 విక్టోరియా క్రాసులు దక్కినవి. పెద్ద ఓటమిని మరపించుటకు చిన్న గెలుపునకు గంటలు మ్రోగించుట లోకములో క్రొత్త కాదు. జూలై 4న ఉలుండి వద్ద జూలూ సైన్యము విరిగిపోయినది. రాజును పట్టి కేప్‌టౌనుకు పంపి, రాజ్యమును 13 ముక్కలుగా పంచిరి. 1887లో దానిని కలుపుకొని, 1897లో నేటాలులో చేర్చిరి.

ఇక రంప సంగతి. అదే 1879 మార్చిలో, రంపచోడవరపు కొండలలో ముఠాదారులును కొండరెడ్లును తిరుగబడిరి. వారిపై మన్సబుదారుడొకడు ఉండెను. అతడు కల్లుపై ‘చిగురుపన్ను’ అను పేరున వసూలు చేయుచుండెను. కొండవారికి జీలుగు కల్లు విలాసము కాదు. గింజలు నిండుకొను నెలలలో అదియే ఆహారము. అంతలో ప్రభుత్వము క్రొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటివాడుకకైనను ఊరక గీయరాదని, హక్కును గుత్తదార్లకు ఇచ్చినది. దీనికి తోడు మైదానపు వర్తకులు చిన్న చిన్న బాకీలకు కొండవారిపై దావాలు వేసి, వారు కోర్టుకు రాలేని దూరమున ఏకపక్ష డిక్రీలు పొంది, పశువులను జప్తుచేసికొని పోవుచుండిరి. పోలీసు ఠాణాలపై దాడులతో మొదలైన మంట గొలుగొండకును రేకపల్లికిని ప్రాకినది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులు. అడ్డతీగల ఠాణాను చంద్రయ్య తగులబెట్టెను. చెన్నపట్టణము నుండి పటాలములు పోయినవి. అడవిలో శత్రువు కనబడడు, జ్వరము మాత్రము తప్పక కనబడును. కావున ఆ పోరు 1880 వరకు సాగినది. చంద్రయ్యయు తమ్మన్నదొరయు 1880లో హతులైరి. తరువాత సర్కారువారే విచారించి మన్సబుదారుని తొలగించిరి. అనగా ఫిర్యాదు న్యాయమైనదే. ఫిర్యాదుచేసినవారు మాత్రము మిగులలేదు.

నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు. ఆయన పేరు మన నగరమున కాలువకు నిలిచియున్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణాదిని పీల్చివేసిన ధాతుకరువులో, కూలికి అన్నము పెట్టు పనిగా కూవము నుండి అడయారు వరకు ఆ కాలువ త్రవ్వించిరి. ఆ మురికినీటి ప్రక్కగా నేను ఏండ్ల తరబడి బస్సులో పోయితిని. దానికొక కథ యున్నదని తోచనేలేదు. ఆ కరువే ఎందరినో ఓడలెక్కించినది. ఓడ పోయిన చోటులలో ఒకటి నేటాలు. ఇచ్చట మన కథ జూలూల కథతో ముడిపడినది.

నేటాలులో చెఱకు పండించు తెల్లదొరలకు కూలీలు కావలెను. ఆ దేశమంతయు జూలూలే యుండగా, సముద్రమునకీవలినుండి మనుష్యులను తెప్పించుట ఎందుకు? జూలూలకు అప్పటికింకను భూమియుండెను, మందలుండెను. పొలమున్నవాడు పరుని చెఱకుతోటలో నెల జీతమునకు వంగడు. అందుచేత 1860 అక్టోబరులో ‘ట్రూరో’ అను ఓడ ఈ చెన్నపట్టణము నుండి బయలుదేరి, 342 మందితో నవంబరు 16న దర్బను చేరినది. అప్పటికిచ్చట కట్టిన రేవు లేదు. మసూలా పడవలలో అలలు దాటించి మనుష్యులను ఓడ కెక్కించుచుండిరి. అయిదేండ్ల ఒప్పందము. మొదటి యేడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటికొక షిల్లింగు హెచ్చు. 1911లో ఆపువరకు వెళ్ళినవారు సుమారు 1,52,000. అందు మూడింట రెండువంతులు మద్రాసు నుండియే. వారిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారనేకులు. మనవారు జూలూలపై కత్తి యెత్తలేదు. కాని జూలూ కూలికి రాననగలిగిన బలమును తగ్గించుటకు మనవారి చేతులు పనికివచ్చినవి. ఈ మాట వ్రాయుట నాకు కష్టముగానే యున్నది. వెళ్ళినవారికి ఆ సంగతి తెలియదు. ఆకలి మాత్రమే తెలియును.

మా తాతగారికి చిన్నాయన ఒకడు విశాఖ జిల్లాలోని మా ఊరినుండి అట్లు పోయినవాడే. "నేటాలు పోయినాడు" అని మా నాయనమ్మ చెప్పెడిది. పండ్రెండేండ్లు చూచి, దర్భలతో బొమ్మచేసి దహించి కర్మ జరిపిరట. మా ఇంట ఏటేట ఆయనకు ఒక పిండము పెట్టుచుండిరి. ఆ పిండము బ్రదికియున్నవానికేమో అని మా నాయనమ్మ ప్రతియేడు కన్నీరు పెట్టుకొనెడిది.

ఆ ఓడల జాబితాలు ఇప్పుడు కంప్యూటరులో దొరకుచున్నవని నా మనుమడు చూపెను. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. నేను ముప్పదియైదేండ్లు వ్రాసిన సరుకుల జాబితాలలోను వరుస అట్లే యుండును. పెట్టె సంఖ్య, గుర్తు, బరువు, ఎక్కడిది, ఎక్కడికి. "ఎడమ మోకాలిపై మచ్చ" అను మాట చదివి నేను కంటిజోడు తీసి తుడుచుకొంటిని. మావాని పేరు నాకు దొరకలేదు. అదే పేరు గలవారు పలువురుండిరి. మా ఊరి పేరు మాత్రము ఎవరి ప్రక్కను లేదు.

రాజ్యము పోయిన తరువాత జూలూలకు పన్ను వచ్చినది. 1905లో నేటాలు ప్రభుత్వము వయస్సు వచ్చిన మగవానికి తలకొక పౌనుచొప్పున విధించెను. పన్ను కట్టుటకు డబ్బు కావలెను, డబ్బుకు దొర తోటకు పోవలెను. 1879లో తుపాకి పూర్తిచేయని పనిని పన్ను పూర్తిచేయునని వారి లెక్క. మనవారిపై అంతకుముందే 1895 చట్టముతో, ఒప్పందము తీరి అచ్చటనే నిలిచినవానికి ఏటికి మూడు పౌనుల పన్ను పడియుండెను. రంపలో చిగురుపన్ను, జూలూలాండులో తలపన్ను, మనవారికి మూడు పౌనుల పన్ను. పద్దులు వేరు గాని, పుస్తక మొక్కటియే.

1906లో బంబాతా అను జూలూ నాయకుడు తిరుగబడెను. జూన్ 10న మోమే లోయలో ఆ తిరుగుబాటును నలిపివేసిరి. అంతయు ముగియునప్పటికి జూలూలు మూడు నాలుగువేలమంది చచ్చిరి. తెల్లవారు చచ్చినది కొన్ని పదులు మాత్రమే. అప్పుడు గాంధీగారు ఇరువదినాలుగు మందితో క్షతగాత్రులను మోయు దళమొకటి ఏర్పరచి బ్రిటిషువారి పక్షమున వెళ్ళిరి. సామ్రాజ్యము లోకహితమునకేయని వారు నాడు నమ్మియుండిరి. ఆ దళములో నలుగురు గుజరాతీలును ఒక పఠానును పోగా, మిగిలినవారు దక్షిణాదినుండి కూలికి వెళ్ళి ఒప్పందము తీరినవారు. తీరా పోయి చూడగా వారికి అప్పగించిన రోగులు జూలూలే. అనేకుల వీపులు కొరడాదెబ్బలకు చీలి చీము పట్టియుండెను. తెల్లవారు వారిని ముట్టుటకు ఇష్టపడలేదు. అది యుద్ధము కాదని గాంధీగారికి అచ్చటనే తెలిసినది. ఈ సంగతులు వారి ఆత్మకథలోనివే. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే వారి సత్యాగ్రహము మొదలైనది.

ఆ పుండ్లు కడిగినవారి పేర్లు మనలో ఎందరికి తెలియును? చెఱకు నఱికిన చేతులు, ఏటికి మూడు పౌనులు కట్టు చేతులు, ఒక పౌను కట్టననినవాని వీపు కడిగినవి. జూలూ యుద్ధపు చరిత్ర యంతటిలో నేను చప్పట్లు కొట్టదగినది ఏది యని మామయ్యగారు ఇప్పుడు అడిగినచో, నాకు సమాధానము కలదు.

కాని దొరలు వేసిన విత్తు ఊరక పోలేదు. పై అంతస్తున తెల్లవారిని, నడుమ మనవారిని, అడుగున జూలూలను నిలిపిన ఏర్పాటులో, అడుగువాని కోపము పై అంతస్తునకు అందదు. 1949 జనవరిలో దర్బనులో ఆఫ్రికనులకును భారతీయులకును జరిగిన దొమ్మీలలో 142 మంది మరణించిరి. ఉభయ పక్షములవారును పేదలే.

కొన్నియేండ్ల క్రిందట ఉగాది సభకు దర్బను నుండి ఒక వృద్ధుడు వచ్చెను. 1931లో అచ్చట స్థాపించిన ఆంధ్ర మహాసభవారి తరగతులలో నేర్చిన తెలుగు ఆయనది. అక్షరములు బాగుగా వచ్చును, మాటలు తడుముకొనవలెను. జూలూ భాష మాత్రము ధారాళము. 1949 దొమ్మీలో మీవారేమైరని అడిగితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "మా అమ్మను, నన్ను బట్టలు ఉతికే జూలూ ఆమె దాచింది. రెండు రాత్రులు. మంచం కింద" అనెను. తరువాత జేబునుండి ఒక కాగితము తీసెను. ఆయన ముత్తాత ఓడజాబితా ప్రతి. జిల్లా విశాఖపట్టణమని స్పష్టముగా నున్నది. గ్రామము పేరు వ్రాసిన గుమాస్తా చెవికి ఎట్లు వినబడినదో, అది ఏ ఊరికిని సరిపడదు. నేను పటములన్నియు చూచితిని. పోస్టాఫీసుల పట్టికలు చూచితిని. దొరకలేదు. నావంటి గుమాస్తా ఒకడు ఆ పూట కొంచెము శ్రద్ధగా విని వ్రాసినచో, ఆయనకొక ఊరుండెడిది.

మా ఇంట ఊరున్నది, మనిషి లేడు. ఆయన ఇంట మనిషి యున్నాడు, ఊరు లేదు. ఆ మాటే ఆయనతో అంటిని. ఆయన నా చేయి పట్టుకొని, "అయితే మీ ఊరే మాది అనుకోనా?" అనెను. అట్లే అనుకొనుడంటిని. ఆ యేటినుండి మా ఇంట ఆబ్దికమునాడు, నేటాలు పోయిన ఆ పెద్దతో పాటు, పేరు మాత్రము తెలిసిన ఆ ముత్తాతకును తిలోదకము విడుచుచున్నాను. శాస్త్రమొప్పునో ఒప్పదో పురోహితుని అడుగలేదు.

తెలుగువారి సంచికలో జూలూల కథ ఎందుకని అడిగిన కార్యదర్శిగారికి ఇదియే నా మనవి. అల్లూరి సీతారామరాజుగారి 1922–24 నాటి పోరాటము మన పిల్లలకు తెలియును, సంతోషము. అదే కొండలలో 1879లో లేచినవారిని, ఆ సంవత్సరమే ఇసాండ్ల్వానాలో లేచినవారిని, వారి నడుమ ఓడలలో పోయిన మనవారిని కూడ ఒక్కసారి చెప్పవలెను. పిల్లవాడు చప్పట్లు కొట్టుటకు ముందు, ఎవరికొరకని అడుగగల మేనమామ ప్రతి ఇంట నుండునుగాక.