అసలు, వడ్డీ, అమ్మ పేరు

పెట్టుబడిదారు అన్న మాట వినగానే మన కళ్ల ముందుకి వచ్చేది మగవాడే. బోరు వేయించినవాడు రైతు. ఆ బోరు కోసం ఎవరి మెడలో గొలుసు కుదువకి పోయిందో ఏ రికార్డులోనూ ఉండదు. రైతుల అప్పుల మీద నేను చదివిన కథలు చాలావాటిలోనూ బోరు ఎండితే కూలిపోయేది అతనే. ఆమె పక్కన ఏడుస్తూ కనిపిస్తుంది. సొమ్ము పోగొట్టుకున్న మనిషిగా మాత్రం కనిపించదు.

ఈ ఆలోచన టెక్సాస్ చమురు బావి రూపంలో మా ఇంటికే వచ్చింది. మాది ఖిలా వరంగల్. పసుపుకుంకుమల కింద వచ్చిన కొద్దిపాటి భూమి అమ్మగా అమ్మకి మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంది. హ్యూస్టన్‌లో ఉన్న బావ (మేనమామ కొడుకు) దాన్ని పర్మియన్ బేసిన్‌లోని ఒక షేల్ బావిలో వాటాగా పెట్టమన్నాడు. “ఏడాదిలనే సగం పైసలు తిరిగొస్తయి అత్తమ్మా” అన్నాడు.

బావ చెప్పింది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. షేల్ బావిని రెండు మూడు కిలోమీటర్లు నిలువుగా దింపి, అక్కడినుంచి మరో మూడు కిలోమీటర్ల దాకా రాతిపొరలో అడ్డంగా తొలుస్తారు. నీళ్లూ ఇసుకా విపరీతమైన ఒత్తిడితో పంపి రాయిని పగలగొడతారు. చమురు ఒక్కసారిగా వస్తుంది. ఏడాది తిరిగేసరికి చాలా బావుల్లో అది మూడింట రెండు వంతుల దాకా పడిపోతుంది. అంటే మొదటి ఏడాది చేతికొచ్చేది వడ్డీ కాదు, చాలావరకు మన అసలే. దాన్ని లాభమనుకుని ఖర్చు పెడితే మిగిలేది సన్నటి ధార.

ఇది విని అమ్మ ఆశ్చర్యపోలేదు. కోటగోడల మధ్య పొలాల్లో, ఈ నల్లరాతి నేలలో, ఎన్ని బోర్లు చూసిందో. “కొత్త బోరు గట్లనే పోస్తది బిడ్డా. ఎండకాలం రానీ, అప్పుడు చూడాలె” అంది. అడ్డంగా తొలవడమూ ఆమెకి కొత్త కాదు. బావి అడుగున సైడు బోర్లు వేయించడం తెలిసిన మనిషి.

పక్కవాడి బోరు మన బోరుని ఎండగొట్టినట్టే అక్కడా జరుగుతుంది. ముందు తవ్విన బావిని ఆ పరిశ్రమ తల్లి బావి అంటుంది, దగ్గర్లో తర్వాత తవ్వినదాన్ని పిల్ల బావి అంటుంది. పిల్ల బావి తరచుగా తక్కువ ఇస్తుంది, కొన్నిసార్లు తల్లినీ దెబ్బతీస్తుంది. ఆ లెక్కల్లో తల్లి అన్న మాట దొరికింది ఇక్కడ మాత్రమే!

మిగతా లెక్క కూడా చూడాలి కదా. డాలస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025 సర్వేలో, కొత్త బావి లాభసాటి కావాలంటే బ్యారెల్‌కి సగటున 65 డాలర్లు రావాలని కంపెనీలు చెప్పాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర మైనస్ 37 డాలర్లకి పడింది. భూమికింది ఖనిజం యజమానికి ఆదాయంలోంచి ముందే రాయల్టీ పోతుంది. ఖర్చుల్లో వాటా తీసుకున్నవాళ్లు మాత్రం నిర్వహణకీ, చివరికి బావి పూడ్చడానికీ కూడా చెల్లించాలి. అమెరికాలో పన్ను కట్టేవాళ్లకి తవ్వకం ఖర్చులో ఎక్కువ భాగాన్ని మొదటి ఏడాదే ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంది. అది బావకి నిజమైన లాభం. అక్కడ ఆదాయమే లేని అమ్మకి దానితో ఒరిగేదేమిటి? ఒకే బావి ఇద్దరికి రెండు రకాల పెట్టుబడి అన్నమాట.

బావకి నాలుగు ప్రశ్నలు రాశాను. చుట్టుపక్కల బావులు మూడో ఏడాదిలో ఎంత ఇస్తున్నాయి? బ్యారెల్ ధర 50 డాలర్లకి దిగితే పరిస్థితేమిటి? పూడ్చే ఖర్చు ఎవరిది? కాగితంలో పేరెవరిది?

మొదటి మూడింటికీ కంపెనీవాళ్లని అడిగి చెప్తానన్నాడు. నాలుగోదానికి వెంటనే జవాబొచ్చింది. తమ్ముడి పేరు రాయించాడట. “అత్తమ్మకి ఈ సంతకాల తిప్పలెందుకని!” అతనికి దురుద్దేశం లేదు. మన కుటుంబాల్లో ప్రేమ సాధారణంగా ఈ భాషలోనే మాట్లాడుతుంది. నష్టం వస్తే అమ్మది, కాగితం కొడుకుది.

జవాబు చదివి వినిపించాక అమ్మ ఎక్కువ మాట్లాడలేదు. నూనె మంచిదా చెడ్డదా అన్న చర్చలోకీ పోలేదు. మర్నాడు బ్యాంకుకెళ్లి డబ్బుని తన పేరునే డిపాజిట్ చేసి వచ్చింది. వడ్డీ తక్కువే. కానీ అందులో ఏది అసలో, ఏది వడ్డీయో ఆమెకి తెలుసు.