గుట్ట కింది నుంచి... ఈఫిల్ పైకి!

బెజ్జంకి క్రాస్‌రోడ్డు దగ్గర పెద్ద పెద్ద పెట్టెలతో ఎవరైనా నిలబడి కనిపిస్తే చాలు... దారినపోయేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. ‘దుబాయా, మస్కటా?’ అని. పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో విమానం అంటే పని. విమానం అంటే అప్పు, ఏజెంటు, రెండేళ్ల ఎడబాటు. ఎయిర్‌పోర్టు అంటే కళ్లు తుడుచుకునే చోటు. ఊరికే చూసి రావడానికి విమానం ఎక్కడమన్న మాట నిన్నమొన్నటిదాకా ఇక్కడ వినబడలేదు. కాశీకో రామేశ్వరానికో అంటే సరే, పుణ్యం అనుకుంటారు. ప్యారిస్‌కు ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే ఓ ఇంటిని ఊహించుకోండి. ముప్పై ఏళ్లు పిల్లలకు సోషల్ పాఠం చెప్పి రిటైరైన సారు. గోడకు వేలాడదీసిన ప్రపంచపటం మీద బెత్తం పెట్టి ‘ఇది ఫ్రాన్సు, దీని రాజధాని ప్యారిస్’ అని ఎన్ని వందల సార్లు చెప్పారో లెక్కలేదు. చూసింది మాత్రం ఒక్కసారీ లేదు. రిటైర్మెంటు డబ్బులు వచ్చాయి. పిల్లలు స్థిరపడ్డారు. ఓ రాత్రి అన్నం తింటూ మెల్లగా మనసులో మాట బయటపెట్టారు. అవతలి నుంచి జవాబు టక్కున వచ్చింది. ‘‘ఏందయ్యా, నర్సింహస్వామి గుట్ట ఎక్కంగనే నా మోకాళ్లు నొస్తున్నయి. గంత దూరం నేనేం వస్త?’’

చుట్టాల మాట మరోటి. ఆ డబ్బుతో ఇంటిమీద ఇంకో గది వేసుకోవచ్చు కదా అని!

డబ్బు, మోకాళ్లు, భయం... మొదటిసారి యూరప్ బయల్దేరే ఏ పెద్దవాళ్లకైనా అడ్డొచ్చేవి ఈ మూడే. మూడింటికీ మందు ఒకటే. తొందరపడకుండా వేసుకునే పథకం!

ప్యారిస్‌లో జారిన దివాన్

ఈ గడ్డ నుంచి ప్యారిస్‌కు వెళ్లినవాళ్లలో సారుదంపతులేమీ మొదటివాళ్లు కారు. బెజ్జంకి నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లోనే, 1876లో, ఆ రాజ్య దివాన్ మొదటి సాలార్‌జంగ్ యూరప్ యాత్రకు వెళ్లారు. బొంబాయిలో ఓడెక్కి ఇటలీ చేరి, రోమ్ చూశారు. ఇప్పుడు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ నోరు తెరుచుకుని చూసే ‘మేలిముసుగు రెబెకా’ పాలరాతి బొమ్మ ఆ యాత్రలోనే కొన్నది. చెక్కిన శిల్పి పేరు బెంజోనీ.

రోమ్ తర్వాత ప్యారిస్. అక్కడే కథ అడ్డం తిరిగింది. బస చేసిన గ్రాండ్ హోటల్ మెట్ల మీద జారిపడి దివాన్‌గారి తొడ ఎముక విరిగింది! ఆ స్థితిలోనే ఇంగ్లండు చేరారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. లండన్ నగరం పౌరసత్వ గౌరవం ఇచ్చింది. కానీ బ్రిటిష్‌వారి చేతిలో ఉన్న బేరార్‌ను నిజాంకు తిరిగి ఇప్పించాలన్న ఆశ మాత్రం నెరవేరలేదు.

వెంట పరివారం, ఖజానా ఉన్న దివాన్‌కే మెట్లు అంత పని చేశాయంటే, మామూలు మనుషులు మెట్ల గురించి ముందే ఆలోచించుకోవడంలో తప్పేముంది? టీచరమ్మ భయం పిరికితనం కాదు... అనుభవం చెప్పిన జాగ్రత్త.

ముందు కాగితాలు... తర్వాతే కలలు

మొదటి మెట్టు పాస్‌పోర్టు. అందుకు ఒకప్పటిలా సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. కరీంనగర్‌లోనే పని అవుతుంది. ఇక్కడ పెద్దవాళ్లకు వచ్చే చిక్కు ఒకటుంది. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందు, మరోచోట వెనక. వీటిని ముందే ఒక దారికి తెచ్చుకోవాలి. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక బెజ్జంకి సిద్దిపేటలోకి మారింది. పాత కాగితాల్లో మాత్రం ఇంకా కరీంనగర్ జిల్లాయే ఉంటుంది. చిరునామా కూడా ఒకసారి సరిచూసుకుంటే మంచిది.

రెండో మెట్టు వీసా. ఫ్రాన్స్ ఇచ్చే షెంజెన్ వీసాతో మొత్తం 29 దేశాలు తిరగొచ్చు. ఏ 180 రోజుల్లోనైనా గరిష్ఠంగా 90 రోజులు ఉండొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. కానీ ఆ చివరి రోజుల దాకా ఆగడమంటే బస్సు కదిలాక పరుగెత్తడమే! మామూలుగా పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతారు. ఏదైనా సందేహం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. వేసవి సెలవుల ముందు హైదరాబాద్ వీసా కేంద్రంలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. కాబట్టి మూణ్నాలుగు నెలల ముందు మొదలుపెడితే నిద్ర పడుతుంది.

పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి. రెండు ఖాళీ పేజీలు కావాలి. వేలిముద్రలకు ఇద్దరూ స్వయంగా వెళ్లాల్సిందే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పింఛను కాగితాలు, ఆదాయపు పన్ను రిటర్నులు, హోటల్ బుకింగు, రానుపోను టికెట్ వివరాలు చూపాలి. అధికారులు తెలుసుకోవాలనుకునేది రెండే విషయాలు... ఖర్చు పెట్టుకోగలరా? తిరిగి వస్తారా? పింఛను, సొంతిల్లు, పొలం ఉన్న సారుకి రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికే. ఆ కాగితాలు జతచేయడమే మరచిపోకూడదు.

వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు. 2025 చివరికి యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి తలకు తొమ్మిది వేలకు పైనే. కేంద్రం సర్వీసు ఛార్జీ అదనం. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. 2024లో భారతీయులు పెట్టుకున్న షెంజెన్ దరఖాస్తుల్లో సుమారు 15 శాతం తిరస్కరణకు గురయ్యాయి. అందుకే వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న హోటల్‌నే బుక్ చేయాలి. చవగ్గా వస్తుందని వాపసు రాని టికెట్ కొంటే, అసలుకే మోసం!

ఇక ప్రయాణ బీమా. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు ఉంటేనే వీసా ఇస్తారు. చాలామంది దీన్ని కాగితాల లాంఛనం అనుకుని అన్నిటికన్నా చవకది తీసుకుంటారు. దివాన్‌గారి మెట్లను ఒక్కసారి తలచుకోండి. అరవై దాటినవాళ్లు బీపీ, షుగరు వంటివి దాచకుండా చెప్పి, వాటికి వర్తిస్తుందో లేదో చదివి తీసుకోవాలి. మందుల చీటీ ఇంగ్లిషులో రాయించుకుని, మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

సకినాలు సై... నెయ్యి నై!

పెట్టె సర్దడం దగ్గర టీచరమ్మదే పెత్తనం. ఇక్కడా ఒక నియమం ఉంది. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి గిన్నె, పాలకోవా ఇంట్లోనే వదిలిపెట్టాలి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు, కూరగాయలు కూడా ధ్రువపత్రం లేకుండా పనికిరావు. సకినాలు, కారప్పొడి, సర్వపిండికి బియ్యప్పిండి, గట్టిగా మూత బిగించిన మామిడికాయ తొక్కు... వీటితో పది రోజులు గడిచిపోతాయి. చిన్న వంటగది ఉన్న అద్దె గది తీసుకుంటే ఉదయం ఉప్మా, రాత్రి అన్నం వండుకోవచ్చు. హోటల్లో తినాల్సి వస్తే సీసా నీళ్లు కొనక్కర్లేదు. మామూలు కుళాయి నీళ్లు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇస్తారు.

ఇడ్లీ, దోసె కోసం మనసు లాగితే లా షాపెల్ పేటకు వెళ్లాలి. శ్రీలంక తమిళుల దుకాణాలు వరసగా ఉంటాయి. దగ్గర్లోనే 1985లో మొదలైన మాణిక్క వినాయకర్ ఆలయం. ఏటా వేసవి చివర్లో ప్యారిస్ వీధుల్లో గణపతి రథం కదులుతుంది. రోడ్డు మీద కొబ్బరికాయలు గుట్టలుగా పగులుతాయి. ఇంకో ముచ్చట... గోదావరి ఒడ్డునున్న మన యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. తెలుగువారికి ఫ్రెంచి మాట మరీ పరాయిదేమీ కాదు!

అయినా ఒక్క మాట మాత్రం నేర్చుకోవాలి. ‘బోంజూర్’. దుకాణంలో అడుగుపెట్టగానే ఆ నమస్కారం చెప్పకుండా పని అడిగితే అక్కడివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. మన ఊళ్లో పలకరించకుండా నేరుగా అవసరం అడిగితే ఎలా ఉంటుందో అలాగే.

మోకాళ్లకు మార్గం

ప్యారిస్ మెట్రో 1900లో మొదలైంది. పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు. మెట్లే మెట్లు! కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సిటీ బస్సే మేలు. 2025లో మెట్రో టికెట్ రెండున్నర యూరోలుంటే బస్సుకు రెండు యూరోలే. కిటికీ పక్కన కూర్చుంటే సెయిన్ నది, వంతెనలు, రాజభవనాలు అన్నీ కనిపిస్తాయి. మెట్రోలో అయితే చీకటి సొరంగమే కదా. రద్దీలో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టు, డబ్బు దుస్తుల లోపలి సంచిలో ఉంచుకోవాలి. ఏ ఆపదకైనా ఫోన్ నంబరు 112.

బెజ్జంకికి గుట్ట ఉన్నట్టే ప్యారిస్‌కూ ఓ గుట్ట ఉంది. పేరు మోంమార్త్ర్. మన గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి ఉంటే, ఆ గుట్ట మీద తెల్లని సాక్రెకేర్ చర్చి. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం పక్కనే తాడుతో లాగే చిన్న రైలు పెట్టారు. మామూలు మెట్రో టికెట్‌తోనే ఎక్కొచ్చు.

1889లో కట్టిన ఈఫిల్ టవర్ ఎత్తు ఇప్పుడు 330 మీటర్లు. రెండో అంతస్తు దాకా మెట్లెక్కితే 674. లిఫ్టు టికెట్లు అరవై రోజుల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. అప్పుడే కొనేసుకుంటే క్యూలో గంటలకొద్దీ నిలబడే బాధ తప్పుతుంది. 2019 ఏప్రిల్ 15న మంటల్లో చిక్కిన నోత్రదామ్ చర్చిని బాగుచేసి 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు.

లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఓర్సే మ్యూజియానికి సోమవారం. ఇది చూసుకోకుండా వెళ్లి మూసిన తలుపు ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లు బోలెడుమంది! లూవ్ర్ 2026 జనవరి నుంచి యూరప్ బయటివారికి టికెట్ 32 యూరోలు చేసింది.

కృష్ణ ఒడ్డు రాయి

ఖరీదైనా లూవ్ర్‌కు వెళ్లడానికి తెలుగువారికి ఒక ప్రత్యేక కారణముంది. మోనాలిసా కాదు... రీజెంట్ వజ్రం! 1698 ప్రాంతంలో కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చరిత్ర. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్నాడు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి చేతికి వెళ్లింది. పదిహేనో లూయీ కిరీటంలో మెరిసింది. నెపోలియన్ కత్తి పిడిలో కూర్చుంది. బరువు 140 క్యారెట్ల పైమాటే. అది పుట్టిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. ఊరు మునిగింది. రాయి మాత్రం ప్యారిస్‌లో మిగిలింది.

2025 అక్టోబరు 19న, ఆదివారం పొద్దున, అపోలో గ్యాలరీలోకి దొంగలు చొరబడి నిమిషాల్లో రాజాభరణాలు ఎత్తుకుపోయారు. అదే గ్యాలరీకి చెందిన రీజెంట్ మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు. ఆ దొంగతనం తర్వాత మ్యూజియంలో చాలా మార్పులు జరిగాయి. అందుకే గ్యాలరీ తెరిచి ఉందో లేదో, వజ్రం ప్రదర్శనలో ఉందో లేదో వెళ్లే ముందు చూసుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలలు హాయిగా ఉంటాయి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగే. ఆగస్టులో అక్కడివాళ్లే సెలవులకు వెళ్లిపోతారు, చిన్న దుకాణాలు మూతపడతాయి. హైదరాబాద్ నుంచి ఎక్కువమంది దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తారు. దిగాక సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి 2025 అక్టోబరు 12న మొదలైంది. అంచేత విమానం మారేచోట సమయం ఎక్కువ ఉండేలా టికెట్ కొనుక్కోవాలి. పెద్దవాళ్లు టికెట్ కొన్నప్పుడే చక్రాల కుర్చీ అడిగి పెట్టుకోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

రోజుకు ఒకే పెద్ద చోటు, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం, సాయంత్రం నది ఒడ్డున ఓ బెంచీ... అరవై దాటిన దంపతులకు ప్యారిస్‌లో అంతకుమించిన పథకం అక్కర్లేదు. ‘అన్నీ చూడలేదు’ అన్న వెలితి ఉన్నా పర్లేదు. దివాన్‌గారూ అన్నీ చూడలేదు!

ఇక మోకాళ్ల సంగతి. ప్రయాణానికి నాలుగు నెలల ముందు డాక్టరుకు చూపించుకుని, రోజూ కొంచెం కొంచెం నడక పెంచుకోవడమే దారి. మొదటి వారం వీధి చివరిదాకా. తర్వాత గుట్ట మొదటి మెట్టుదాకా. ఆ తర్వాత నాలుగు మెట్లు, పది మెట్లు. పొద్దున్నే చల్లగాలిలో బూట్లు వేసుకుని గుట్ట దిక్కు నడుస్తున్న జంటను చూసి ఎవరో ఒకరు అడగకమానరు. ‘‘ఏం సారూ, మొక్కు ఉన్నదా?’’ అని.

‘‘ఉన్నది’’ అనొచ్చు సారు, ప్రపంచపటం మీద తన బెత్తం ఆగిన చోటును తలచుకుంటూ.