జాడీలూ, ఇంటిపేర్లూ

మా చంద్రబండలో పింగాణీ అంటే ముందుగా గుర్తుకొచ్చేది ఆవకాయ జాడీయే. ఇత్తడిలో పులుపు వేస్తే కిలుమెక్కుతుంది. మట్టికుండ నూనె తాగేస్తుంది. జాడీకి లోపలా బయటా గాజులా కరిగి పట్టుకున్న పూత ఉంటుంది గనుక ఉప్పూ పులుపూ దాన్ని ఏమీ చెయ్యలేవు. ఈ సంగతి మా ఆడవారికి ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు.

అసలు పింగాణీకి పుట్టినిల్లు చైనా. అక్కడివారు తెల్లమట్టిలో ఒక రకం రాతిపొడి కలిపి, 1300 డిగ్రీల దాపు వేడిలో కాల్చి, వేలితో మీటితే ఖంగుమనే పాత్రలు చేశారు. వాటిని కళ్ళారా చూడాలంటే మా జిల్లావారు హైదరాబాదు వెళ్ళవలసిందే. 1956 దాకా రాయచూరు ఆ రాష్ట్రంలోదే కదా! మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో తెరిచిన మ్యూజియం, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. చైనా, జపాను సామాను అక్కడ చాలా ఉంది.

వాటిలో మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినవి జపానువారి సత్సుమా కూజాలు. మీగడ రంగు, పూతలో వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు, పైన రంగులతో, బంగారంతో పువ్వులూ మనుషులూ. అయితే ఈ పనికి మూలపురుషులు జపానువారు కారు. 1592లో మొదలై 1598లో ముగిసిన యుద్ధంలో జపాను సేనలు కొరియా కుమ్మరులను పట్టుకుపోయాయి. సత్సుమా ప్రభువు తనవెంట తెచ్చినవారిని నయెషిరోగవా అనే ఊళ్ళో కాపురం పెట్టించి, కొరియా పేర్లూ కట్టూబొట్టూ మార్చుకోరాదని ఆజ్ఞాపించాడు.

కాలం తిరిగింది. ప్రభువులు పోయారు, ఆజ్ఞలూ పోయాయి. ఆ ఊరివాడే ఒకాయన 1886లో పాక్ అన్న ఇంటిపేరు విడిచి తోగో అయ్యాడు. ఆయన కుమారుడు షిగెనొరి తరువాత జపాను విదేశాంగమంత్రి కూడా అయ్యాడు. బిడ్డల బాగు కోరిన తండ్రిని తప్పుపట్టగలమా? అక్కడే షిమ్‌వారి కుటుంబం మాత్రం కుమ్మరి పనిలో ఆ పాత పేరు వదలలేదు. జపాను నోట అది ‘చిన్’ అయింది, అంతే. ఇప్పుడు 15వ తరంవారు ఆవం కాలుస్తున్నారు.

వారు సముద్రం దాటారు. మేము గుమ్మం దాటకుండానే 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. 1973లో అది కర్ణాటక అయింది. కన్నడం మాకు పరాయి భాష కాదు, అన్నం పెట్టిన భాష. మా పిల్లలు బడిలో ఉప్పినకాయి అంటారు, ఇంట్లో ఊరగాయ అంటారు. రెండూ రుచే.

మాకున్న బెంగ వేరు. పిల్లలు పేరు ముందు ఒక్క అక్షరం రాస్తున్నారు. అది దేనికని అడిగితే కొందరు తెల్లమొహం వేస్తున్నారు. పేరు మార్చుకోవడం ఒక నిర్ణయం; మరిచిపోవడం నిర్ణయం కాదు. అర్జీ కాగితంలో ఒక్క అక్షరమే పట్టవచ్చు. మిగతా అక్షరాలు ఇంట్లో చెప్పవలసినవారం పెద్దలమే.