నెత్తళ్ళు తినే తిమింగలం

అమ్మ సముద్రం వైపు తిరిగి కూర్చోదు. కాలిఫోర్నియాలోని మా ఇంటికి వచ్చిన మూడుసార్లూ, ఏ తీరానికి తీసుకువెళ్ళినా కారులోనే ఉండిపోయింది. ఆమె పుట్టిన ఊరు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. ఆమె చేయి పట్టుకుని ఉన్న తమ్ముడికి ఆరు. అంతకు మించి ఆ రాత్రి గురించి ఆమె చెప్పలేదు, మేము అడగనూ లేదు.

అటువంటి మనిషి కిందటి సెప్టెంబరులో, మా అమ్మాయి తిమింగలాలను చూపించమని మారాం చేస్తుంటే, "నేనూ వస్తాను. పిల్లను ఒక్కదాన్ని నీళ్ళ మీదికి ఎట్లా పంపను?" అన్నది. నేనూ వెళుతున్నానన్న సంగతి ఆమె లెక్కలోకి రాలేదు.

మాంటెరే అఖాతంలోని మాస్ లాండింగ్ రేవులో ఉదయం పడవ ఎక్కాము. 1919లో అక్కడే తిమింగలాలను కోసి నూనె తీసే కర్మాగారం వెలసిందట. రేవు దాటగానే సముద్రగర్భంలో ఒక మహాలోయ మొదలై, పోనుపోను మూడు వేల మీటర్లకు పైగా లోతుకు దిగుతుంది. అడుగునుండి చల్లని నీరు పోషకాలను మోసుకుని పైకి వస్తుంది. వాటి కోసం చేపలు, చేపల కోసం తిమింగలాలు ఒడ్డుకు ఇంత చేరువగా వస్తాయని పడవలోని అమ్మాయి వివరించింది. లోతు సంగతి నేను అమ్మకు తెనిగించలేదు.

ఆమె ఒక చేత్తో బల్లను, ఇంకొక చేత్తో మనవరాలి మణికట్టును పట్టుకుని కూర్చున్నది. కడుపులో తిప్పుతుందేమోనని తెచ్చిన అల్లం మురబ్బా పొట్లం ఒడిలోనే ఉన్నది.

గంట తరువాత మొదట ఊపిరి కనిపించింది: నీటి మీద తెల్లని ఆవిరి స్తంభం. వెనుకనే నల్లని వీపు, దానిపై చిన్న మూపురం. హంప్‌బ్యాక్ తిమింగలం. గాలి మావైపు తిరిగేసరికి కుళ్ళిన చేపల కంపు.

"ఏం తింటుందిరా ఇది?"

"నెత్తళ్ళమ్మా. ఇంకా సన్న రొయ్యల వంటివి."

"ఇంత ఒళ్ళు పెట్టుకుని నెత్తళ్ళా!" అని నవ్వింది. అంతలో అది తోక ఎత్తి మునిగిపోయింది. నవ్వు ఆగింది.

"మళ్ళీ వస్తుందా?"

"వస్తుంది. అది చేప కాదు, మనలాగే గాలి పీల్చాలి. అయిదు నిమిషాలు, ఒక్కొక్కప్పుడు పది, పదిహేను."

అమ్మ చేతిగడియారం చూసుకున్నది. తక్కినవారంతా మరోవైపు ఎగురుతున్న డాల్ఫిన్ల కోసం పరుగెత్తారు. ఆమె కదలలేదు. "నానమ్మా, నొప్పి" అన్నది పిల్ల. పట్టు కొంచెం సడలించింది గాని వదలలేదు. ఆరు నిమిషాలు. ఏడు. ఎనిమిదో నిమిషంలో, మేము చూస్తున్న చోటికి చాలా ఎడంగా, ఆవిరి లేచింది.

"వచ్చింది" అన్నది అమ్మ, తనలో తాను అనుకుంటున్నట్లు.

ఆ తరువాత అది నాలుగుసార్లు మునిగింది. నాలుగుసార్లూ ఆమె గడియారం చూసింది.

తిరిగి వస్తుండగా, ఎవరూ అడగకుండానే, "మా తమ్ముడికి నెత్తళ్ళ వేపుడంటే ప్రాణం" అన్నది. ఇంటికి చేరేదాకా వాడి గురించే చెప్పింది. వాడి పేరు ఆ రోజే మొదటిసారి విన్నాను.