అమీర్‌పేట అన్నపు వీథులు

అమీర్‌పేట మెట్రో స్టేషను మెట్లు దిగువారికి ముందు కనబడునవి పుస్తకముల సంచులు. పిమ్మట తగులునది పోపు వాసన. 2017 నవంబరులో హైదరాబాదున మెట్రోబండి నడక ప్రారంభమైనది. మియాపూరు దారియు నాగోలు దారియు నిచటనే కలియును. మైత్రీవనము చుట్టును కంప్యూటరు విద్య నేర్పు సంస్థలు వెలసినవి. వాని వెంట హాస్టళ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు, టిఫిను బండ్లు పెరిగినవి. శ్రీకాకుళము బిడ్డయు ఆదిలాబాదు బిడ్డయు నిచట నొకే వరుసలో కంచము పట్టుకొని నిలుతురు.

ఇంటిలో నే బిడ్డ కేది పడదో తల్లి కెరుకయే. ఇచట వండువారు తినువారి నెరుగరు. తినువారు కుండలో నేమున్నదో యెరుగరు. ఈ వీథులలో ముఖ్యముగా గమనింపదగిన దిదియే.

మన భాషలో “పడదు” అను మాట చిన్నదే గాని, దానిలో మూడు సంగతు లిమిడి యున్నవి. ఒకరికి కాకరకాయ రుచింపదు. ఒకరికి పాలు త్రాగిన కడుపుబ్బరము కలుగును. వేరొకరికి నాలుగు పల్లీలు నోట పడినంతనే యొడలెల్ల దద్దుర్లు లేచి, పెదవులు వాచి, గొంతు బిగిసి, ఊపిరి యాడదు. ఈ మూడవదానినే వైద్యులు ఎలర్జీ యందురు. 1906లో వియన్నా నగరపు వైద్యుడు పిర్కే ఈ పేరు పెట్టెను. మొదటిది రుచి, రెండవది అరుగుదల, మూడవది ప్రాణము. మూడింటికి నొకే మాట యగుటచే, మూడవదానిని గూడ గారాబమని తలచి “కొంచెము తిన్న నేమగును?” అని బలవంతపెట్టుదుము. ఆ కొంచెమే చాలును.

ఇక నిచటి వంటలను చూతము. ఉదయము ఇడ్లీ బండి యొద్ద పల్లీ చట్నీ. కొబ్బరి చట్నీయే కోరినను గరిటె రెంటికి నొకటే. మధ్యాహ్నము బిర్యానీ ప్రక్కన మిర్చీ కా సాలన్; అందు పల్లీలు, నువ్వులు, కొబ్బరి మెత్తగా నూరి కలుపుదురు. చూచువారికి గింజ యొక్కటియు కానరాదు. బగారా బైంగన్ సంగతియు నంతియే. సాయంకాలపు ఇరానీ చాయలో పాలు. ఉస్మానియా బిస్కత్తులో మైదా, వెన్న. రంజాను నెలలో హలీము. దానికి గోధుమలే ఆధారము. సాంబారులో వేయు ఇంగువపొడిలో సైతము తరచుగా గోధుమపిండి కలిసి యుండును. ఆషాఢమున ప్రక్కనున్న బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమునకు జనులు తండోపతండములుగా వత్తురు. ప్రసాదము వలదనుటకు మన నోరు రాదు. కాని పాలు పడని బిడ్డ పరమాన్నమును కన్నుల కద్దుకొని ప్రక్కన నుంచినచో అమ్మవారు కోపింపదు.

2020 నాటి ఆహార లేబులు నిబంధనలు పొట్లములపై గోధుమాదులు, రొయ్య పీత జాతులు, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగ జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైటు అనువానిని తెలుపవలయునని విధించినవి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 నుండి వానిని గూడ చేర్చిరి. సకినాలు, నువ్వుండలు, నువ్వులపొడి వాడు మన మీ లోటును మనసున నుంచుకొనవలెను. అదియు గాక, పొట్లమునకు లేబులున్నది గాని బండిమీది గిన్నె కేది? అచట మనుష్యుల మాటయే లేబులు.

ఈ పని ఇరుగుపొరుగు స్త్రీలు చేయదగినది. నలుగురు కలిసి తమ వీథిలోని మెస్సు యజమానురాలి యొద్దకు పోయి మర్యాదగా మాటాడవచ్చును. నేటి కూరలలో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, పాలు, గ్రుడ్డు, గోధుమ, చేప, రొయ్య యున్నవో లేవో పలకపై వ్రాయింపవచ్చును. గిన్నె కొక గరిటె నుంచుమని కోరవచ్చును. హాస్టలులో చేరు దినముననే “నీ కేది పడదమ్మా?” అని యడిగి పుస్తకములో వ్రాయించుట మరియు మేలు.

అయినను, అనుమానముతో బిడ్డలకు తిండి మాన్పింపరాదు. కర్ణాటకమున పెద్దలపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, రక్తపరీక్షలో గుర్తు కనబడినవారు నాలుగవ వంతుకు మించిరి. నిజముగా ఎలర్జీ యుండవచ్చునని తేలినవారు నూటికి ఒకరికి కొంచె మెక్కువ. కావున కాగితము చూచి గాక, ఏమి తిన్నప్పు డేమి జరిగినదో విని వైద్యుడు నిర్ణయింపవలెను. కాని నూర్గురున్న హాస్టలులో ఆ యొక్కరు మన బిడ్డయే కావచ్చును.

ఆపద వచ్చినపుడు మాత్ర మిచ్చి కూర్చుండరాదు. దద్దుర్లతోపాటు ఆయాసము గాని, గొంతు బొంగురు గాని, సొమ్మసిలుట గాని కలిగినచో, తొడ వెలుపలి కండలో ఇచ్చు ఎడ్రినలిన్ సూదియే ముఖ్యమైన మందు. రోగిని పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను, ఆయాసపడువానిని కూర్చుండనీయవచ్చును, లేపి నడిపింపరాదు. పంజాగుట్టలో నిమ్సు వంటి పెద్ద ఆసుపత్రి యున్నను, సాయంకాలపు రద్దీలో ఆ చిన్న దూరమే పెద్దదగును. కనుక 2005లో మన రాష్ట్రమున మొదలైన 108కి వెంటనే ఫోను చేయవలెను. ఈ నాలుగు మాటలు ప్రతి వంటవానికిని, ప్రతి వార్డెనుకును నేర్పుటకు ఒక మధ్యాహ్నము చాలును.

విస్తరి వేసి “ఇంకేమి వడ్డింతును?” అని యడుగుట మన యాచారము. “మీ కేది పడదు?” అని దానికి ముందు మరియొక ప్రశ్న చేర్చుదము. పరుల బిడ్డలకు అన్నము పెట్టు ఈ పేటలో అదియును అన్నదానములో భాగమే.